గ్రంథాలయ సెస్సు: లెక్క చెప్పవలసిన వారెవరు?

పన్ను కట్టుట ప్రజల ధర్మమైనచో, కట్టిన పన్ను ఎచ్చటికి పోయినదో చెప్పుట ప్రభుత్వము యొక్క ధర్మము. మొదటి ధర్మమును ప్రజలు తప్పినయెడల వడ్డీయు, జరిమానాయు, జప్తు నోటీసును వరుసగా గుమ్మమునకు వచ్చును. రెండవ ధర్మమును పాలకులు తప్పినయెడల అడుగువాడే కానరాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను గ్రంథాలయ సెస్సు విషయమున చిరకాలముగా జరుగుచున్నది ఇదియే. మొత్తము స్వల్పమని తోచుటచే దీనిని పట్టించుకొనువారు తక్కువ. కాని ఇందు ఇమిడియున్న సూత్రము స్వల్పమైనది కాదు.

1960వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టమును బట్టి పురపాలక సంఘములును, గ్రామ పంచాయతీలును ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సును వసూలు చేయవలెను. దాని రేటు పన్ను రూపాయికి 8 పైసలు. వసూలైన సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకును, హైదరాబాదున నగర గ్రంథాలయ సంస్థకును జమకట్టవలెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మటను ఉభయ రాష్ట్రములును ఈ ఏర్పాటునే అనుసరించుచున్నవి. 5,000 రూపాయల పన్ను గల గృహస్థుడు గ్రంథాలయముల కొరకు 400 రూపాయలు చెల్లించుచున్నాడన్నమాట. ఏటా కోటి రూపాయల ఇంటిపన్ను రాబట్టు పట్టణము 8 లక్షలను, పదికోట్లు రాబట్టు నగరము 80 లక్షలను గ్రంథాలయ సంస్థకు అప్పగింపవలెను.

అప్పగించుచున్నవా? వసూలు సంపూర్ణముగ జరిగినచోటను జమ సంపూర్ణముగ జరుగుటలేదని స్థానిక సంస్థల ఆడిటులో పలుమారులు తేలిన మాట. పెద్ద నగరములు మొదలు చిన్న పంచాయతీల వరకు బాకీలు ఏటికేడు పెరుగుచు వచ్చినవి. గ్రంథాలయ సంస్థలవారు ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాయుదురు. పురపాలక సంఘములవారు నిధులు లేవని బదులిత్తురు. మంత్రులు సమీక్షా సమావేశములు జరిపి, బాకీలు చెల్లింపుడని ఆదేశింతురు. మరుసటి ఏడు మరల అదే ఉత్తరము, అదే బదులు, అదే ఆదేశము!

ఈ సొమ్ము ఎవరిది? ఇదియే అసలు ప్రశ్న. ఇది పురపాలక సంఘపు ఆదాయము కాదు. పంచాయతీ ఆదాయమును కాదు. ఒక నిర్దిష్టమైన కార్యమునకై చట్టము విధించిన పన్నును, ఆ కార్యమును నిర్వహించు సంస్థ పక్షమున వసూలు చేయుటకు మాత్రమే స్థానిక సంస్థలకు అధికారము కలదు. దేవాలయపు హుండీలో భక్తులు వేసిన సొమ్ము ధర్మకర్త చేతిలో నున్నంతమాత్రమున ధర్మకర్త సొమ్మగునా? గ్రంథాలయ సెస్సును వీధిదీపములకో, జీతములకో, గుత్తేదార్ల బిల్లులకో వెచ్చించుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లున్నది. ఆ ఖర్చు మంచిదే కావచ్చును. మంచి ఖర్చైనంతమాత్రమున పరుల సొమ్ము తన సొమ్ము కానేరదు.

పురపాలక సంఘముల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. వాని పరిస్థితి నిజముగనే దయనీయము. 74వ రాజ్యాంగ సవరణము 1993 జూన్ 1న అమలులోనికి వచ్చి పట్టణ పాలనకు రాజ్యాంగప్రతిపత్తిని కల్పించినది. ఐదేండ్లకొకమారు రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమించి, పంచాయతీలకును పురపాలక సంఘములకును ఎంత భాగము రావలయునో నిర్ణయింపవలెనని రాజ్యాంగమే ఆజ్ఞాపించుచున్నది. కాని సంఘముల నియామకమున జాప్యము, సిఫారసుల అంగీకారమున జాప్యము, అంగీకరించిన నిధుల విడుదలలో జాప్యము అనునవి రివాజైనవి. అంతేకాదు, ప్రభుత్వ కార్యాలయములే ఇంటిపన్ను బాకీపడి, పురపాలక సంఘములచేత నోటీసులు అందుకొనుచున్న సందర్భములు కలవు. పన్ను విధించు ప్రభుత్వమే పన్ను ఎగవేతకు దారి చూపుచుండగా, చిన్న ఉద్యోగినొకనిని దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. కావుననే ఈ వ్యవహారమున మొదటి జవాబుదారీ రాష్ట్ర ప్రభుత్వముదే యని మా అభిప్రాయము. చట్టము చేసినది అది. రేటు నిర్ణయించినది అది. స్థానిక సంస్థలపై అజమాయిషీ దానిది. గ్రంథాలయ సంస్థల అధ్యక్షులను నియమించునదియు అదియే.

ఈ సెస్సు మనకు పరప్రభుత్వము నెత్తిన రుద్దిన పన్ను కాదని జ్ఞాపకముంచుకొనవలెను. తెలుగువారు తమంతట తాము నడపుకొన్న ఉద్యమమునకు ఇది ఫలము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. నాటి నైజాము రాష్ట్రమున తెలుగు పుస్తకము చదువుకొనుటకు చోటు కల్పించుటయే ఒక రాజకీయకార్యము. 1914 ఏప్రిల్ నెలలో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగినది. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము స్థాపితమైనది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములను ఊరూరికి పంపిరి. వీరెవరును ప్రభుత్వ నిధులకై కాచుకొని కూర్చుండలేదు. చందాలు వేసికొనిరి, ఇండ్లు ఇచ్చిరి, పుస్తకములు మోసిరి.

అయితే దాతల ఔదార్యముపై నడచునది దాతతోనే అంతరించునను సత్యమును వారు త్వరలోనే గ్రహించిరి. పఠనాలయము ధర్మకార్యముగ కాక హక్కుగ నుండవలెనన్న, దానికి చట్టబద్ధమగు ఆదాయముండవలెను. ఆ భావము ఫలించి 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము వచ్చినది. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది, ఎస్.ఆర్. రంగనాథన్‌గారి కృషి దీనికి వెన్నెముక. తరువాత 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు వేరొక చట్టమేర్పడినది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిమ్మట రెండు ప్రాంతముల చట్టములను ఏకముచేసి 1960లో నేటి చట్టమును నిర్మించిరి. సెస్సు ఈ కట్టడమునకు మూలస్తంభము. దానిని తొలచివేసి, పై కప్పు కూలుచున్నదని ఆశ్చర్యపడుట వింతగ నున్నది.

చరిత్రలో మరియొక పాఠము కలదు. 1919 సంస్కరణముల క్రింద విద్య, ఆరోగ్యము, స్థానిక స్వపరిపాలనము భారతీయ మంత్రులకు అప్పగింపబడినవి. ఖజానా తాళపుచెవి మాత్రము గవర్నరు కార్యనిర్వాహక సభ యొద్దనే నుండెను. బాధ్యతను ఇచ్చి ధనమును ఇవ్వని ఆ ద్విపాలనమును మన జాతీయవాదులు బూటకమని ఖండించిరి. నేడు గ్రంథాలయ సంస్థలకు చేసినదేమి? పఠనాలయములు నడపుడని చట్టమున వ్రాసి, ఆదాయమును అన్యుల చేతులలో నుంచి, వారు ఇచ్చినను ఇవ్వకున్నను మౌనము వహించుట ఆ బూటకమునకు తోబుట్టువు కాదా?

నష్టమెవరికను సందేహము వలదు. ధనవంతుని బిడ్డకు ఇంటనే పుస్తకముల బీరువా యుండును. ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడు బీద యువకునకు, అద్దెగదిలో నలుగురితో సర్దుకొను యువతికి, చిల్లర మిగులని ఉపాధ్యాయునకు, పత్రికకై నడచివచ్చు వృద్ధునకు పౌర గ్రంథాలయమే దిక్కు. హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున తెల్లవారినది మొదలు కుర్చీకై నిరీక్షించు అభ్యర్థులను చూచినవారు, గ్రంథాలయముల కాలము చెల్లినదని పలుకజాలరు. చదువరులకు కొరత లేదు. కొరత కుర్చీలకు, క్రొత్త పుస్తకములకు, మరుగుదొడ్లకు, శాశ్వతోద్యోగులకు. ఒకచో గ్రంథపాలకుడు రెండుమూడు శాఖల తాళములు మోయుచుండును. ఒకచో పత్రికల చందా ఆగిపోవును. ఒకచో వానకు తడిసిన బీరువాలు ఎండకెదురుచూచును. ఇంతియ కాదు, 1972లో ఏర్పడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ సంస్థ పథకములు కొన్నింట రాష్ట్రము తన వాటా జమకట్టిననే గాని కేంద్రపు వాటా రాదు. ఇక్కడ ఎండిన కాలువ పైకాలువను గూడ ఎండబెట్టుచున్నది.

చికిత్స లేని వ్యాధి కాదు ఇది. మొదట చేయవలసినది, సొమ్ము చేతులు మారు అవకాశమునే తొలగించుట. ఇంటిపన్నును ఇప్పుడు అనేకులు ఆన్‌లైనులో చెల్లించుచున్నారు. చెల్లించిన క్షణముననే రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సంస్థ ఖాతాకు తిన్నగ చేరునట్లు ఏర్పాటు చేయుట కష్టసాధ్యమేమియు కాదు. పురపాలక ఖాతాలో పడని సొమ్ము దారి తప్పుటకు వీలుండదు. రెండవది, ప్రతి పురపాలక సంఘమును, ప్రతి పంచాయతీయును మూడు మాసములకొకమారు నాలుగు అంకెలను ప్రకటింపవలెను: సెస్సు డిమాండు ఎంత, వసూలెంత, జమకట్టినదెంత, బాకీ ఎంత. మూడవది, పాత బాకీలకు వాయిదాలు నిర్ణయించి, ఆ వాయిదాలు తప్పినచో రాష్ట్రము స్థానిక సంస్థల కిచ్చు సాధారణ గ్రాంటు నుండి మినహాయింపవలెను. అయితే ఆ గ్రాంటును సకాలమున విడుదల చేయుట ముందు రాష్ట్రము నేర్చుకొనవలెను. నాలుగవది, బడ్జెటుతోపాటు ఈ అంకెలన్నిటి సంగ్రహమును శాసనసభ ముందుంచవలెను. శాసనసభ్యులు తమ నియోజకవర్గపు బాకీని తామే చదువుకొన్న దినమున సిగ్గుచేతనైనను కొంత చలనము కలుగును.

ప్రజల కర్తవ్యమును కలదు. ఇంటిపన్ను రశీదును మడచి పెట్టెలో దాచుటతో పౌరధర్మము తీరదు. అందులో గ్రంథాలయ సెస్సు పేర ఎంత పడినదో చూచుకొనవలెను. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టి, గడచిన మూడేండ్లలో వసూలైనదెంత, జమయైనదెంత అని అడుగవలెను. మన రాష్ట్రములందు గ్రామస్థాయిలో ఈ అర్జీకి రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు మాత్రమే. సాధారణముగ 30 దినములలో బదులీయవలెను. ఊరికొక్క పెద్దమనిషి, పేటకొక్క విద్యావంతుడు ఈ పని చేసినచో, ఏ మంత్రి సమీక్షయు వెలికితీయలేని లెక్క ఒక్క మాసములో వెలికివచ్చును. పంట కాలువకు పై రైతు గండికొట్టినచో రాత్రికి రాత్రి గట్టుమీదికి పరుగెత్తు రైతు, తన బిడ్డల చదువునకు పారవలసిన కాలువకు గండిపడినప్పుడు నిద్రించుట తగదు.

రోడ్డునకో, వంతెనకో కోట్లు మంజూరైనవని ప్రకటించుట తేలిక. శిలాఫలకమున పేరు నిలచును. పేరు నిలువని చిన్న పద్దులను, ప్రజలు నమ్మి ఇచ్చిన పైసలను, సక్రమముగ గమ్యమునకు చేర్చుటయందే పాలకుల నిజాయితీ తెలియును. ఎనిమిది పైసల లెక్క చెప్పలేని ప్రభుత్వము రూపాయి లెక్క చెప్పగలదని ప్రజలు ఎట్లు విశ్వసింతురు? ఉభయ రాష్ట్రముల ప్రభుత్వములును రానున్న బడ్జెటు సమావేశములలోనైనను, సంస్థల వారీగ, అంకెలతో ఈ లెక్కను సభ ముందుంచవలెనని కోరుచున్నాము. లెక్క వచ్చువరకు ఈ ప్రశ్నను విడువకుండుట ప్రజల వంతు, మా వంతును.