తింటున్నాడా అని కాదు, గోలీ లెక్క తప్పుతున్నాడా అని అడగండి

కొంగరకలాన్ ప్రజలారా,

పోయిన నెల మన ఊళ్లో ఒక పెద్దాయన పొద్దున వేసుకున్న షుగర్ గోలీ సంగతి మరిచి మళ్లీ వేసుకున్నాడు. మధ్యాహ్నానికి సోయి తప్పి వాకిట్లో పడి ఉన్నాడు. ప్రాణం దక్కింది. అంతకు కొద్ది రోజుల ముందే ఆయన పేరు మీద ఆశా కార్యకర్త నింపే ఆరోగ్య ఫారం నిండింది. అందులో ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.

ఫారం అబద్ధం చెప్పలేదు. అరవై దాటినవాళ్లను అది ముఖ్యంగా అడిగేది ఇది: నిలబడితే తూలుతున్నారా, తిండికి, బట్టలకు, స్నానానికి ఇంకొకరి సాయం కావాలా, సొంతవాళ్ల పేర్లు, ఇంటి అడ్రసు మరిచిపోతున్నారా. కొడుకు పేరే మరిచిన మనిషిని గుర్తుపట్టడానికి ఫారం ఎందుకు? పక్కింటామె చాలు.

డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అనే దశలో మనిషి తింటాడు, స్నానం చేస్తాడు, చుట్టాల పేర్లన్నీ చెబుతాడు. తప్పేవి వేరు. పింఛన్ పైసల లెక్క, కిరాణా చిల్లర, ఇబ్రహీంపట్నంలో ఎక్కాల్సిన బస్సు, పొయ్యి మీద పాలు, గోలీలు. పని ఆగిపోదు, పది నిమిషాల్లో అయ్యేది గంట పడుతుంది. ఈ దశకూ డిమెన్షియాకూ మధ్య గీత గీసేదే ఇలాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలగడం. ఫారంలో ఆ పనుల ఊసే లేకుండా గీత ఎక్కడ గీస్తారు?

పట్నం డాక్టరు మతి పరీక్ష అని కాగితం మీద బొమ్మ గీయమంటాడు, నూటిలోంచి ఏడు తీసేయమంటాడు. పాల లెక్క నోటితో చెప్పే అవ్వ బడి మొహం చూడలేదు కాబట్టి ఫెయిల్. రిటైరైన పంతులు పాసై ఇంటికొచ్చి, కట్టిన కరెంటు బిల్లే మళ్లీ కడతాడు. 1969లో అమెరికాలో లాటన్, బ్రోడీ రాసిన రోజువారీ పనుల జాబితా తెచ్చినా చిక్కే. ఎన్నడూ పొయ్యి ముట్టించని మగవాణ్ణి వంట గురించి ఏమడుగుతారు? కోడలు అన్నీ అందించే ఇంట్లో అత్త పని చేయడం లేదంటే చేతకాకనా, చేయనివ్వకనా? అందుకే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దల కోసం, ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్నలు తయారుచేశారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను, చదువురానివాళ్లతో సహా, పరిశీలించి ఫలితాలను 2013లో ప్రపంచం ముందు పెట్టింది. పద్ధతి తెలియక ఆగిన పని కాదిది.

పట్టించుకోక ఆగింది. 2018 సెప్టెంబరు 2న ఇక్కడ టీఆర్ఎస్ వాళ్లు ప్రగతి నివేదన సభ పెట్టారు. 2022 ఆగస్టు 25న జిల్లా కలెక్టరేట్ తెరిచారు. 2023 మే 15న ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి భూమిపూజ చేశారు. నేలను గుంటలతో సహా కొలిచారు. దాన్ని దున్నినవాళ్ల మతి ఎట్లా ఉందో ఒక్కరూ అడగలేదు. భూమి ధర ఇంత పెరిగిన ఊళ్లో మతి సడలుతున్న మనిషి వేలిముద్రకు కాపలా ఎవరు? ఇంకో మాట. ఇట్లాంటి పనుల గురించి రాసుకునే జవాబులు పట్టుకుని తండ్రి పట్టా లాక్కోవాలని చూసే కొడుకులూ ఉంటారు, మనకు తెలుసు. ఆరోగ్య రికార్డు రిజిస్ట్రేషన్ టేబుల్ మీదికి రాకూడదు. మతిమరుపు మొదలైనంత మాత్రాన హక్కు పోదు.

మరుపు ముసలితనంలో మామూలే అనేవాళ్లతో వాదన దండగ. మందు లేదుగా అంటారా? బి12 లోపం, థైరాయిడ్, దిగులు వల్ల వచ్చే మరుపుకు వైద్యం ఉంది. ఆశాలకు పని ఎక్కువైందా? నిజమే, పైసలు పెంచండి.

అరవై దాటినవాళ్లున్న ప్రతి ఇంటికీ ఆశా ఏడాదికొకసారి పోవాలి. డబ్బు, గోలీలు, ప్రయాణం, ఫోను, ఇంటిపని, పొలం పని గురించి అడగాలి, ఏడాది కింద ఎట్లా చేసేవాళ్లో కూడా అడగాలి. పెద్దవాళ్ల జవాబు ఒకటి, ఇంట్లోవాళ్ల జవాబు ఒకటి, రెండూ రాయాలి. తేడా కనబడితే ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానకు పంపాలి.

వచ్చే సోమవారం కలెక్టర్ అర్జీలు తీసుకునే ప్రజావాణికి కలిసి పోదాం. కలెక్టరేట్ మన ఊళ్లోనే ఉంది. మీ ఇంట్లో పెద్దల గోలీల కవర్లు, డాక్టర్ చీటీలు పట్టుకురండి. ఎన్ని మిగలాలో, ఎన్ని మిగిలాయో కలెక్టర్ ముందే లెక్కపెడదాం.