ఎర్ర పెన్ను చివరికి

మన హాస్టల్లో ఒకరి వ్యాసం మరొకరు దిద్దడం కొత్తేమీ కాదు. స్టడీ అవర్‌లో పక్కవాడి నోటు పుస్తకం లాక్కుని చదవడం, "ఇదేంట్రా ఇలా రాశావ్" అనడం అందరికీ అలవాటే. పూర్వ విద్యార్థులైన అన్నలకూ ఇది గుర్తుండే ఉంటుంది. మంచి అలవాటే. కానీ ఆ దిద్దడం జరుగుతున్న తీరు గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. తప్పులు పోతున్నాయి గానీ, వాటితో పాటు రాసినవాడు కూడా పోతున్నాడని మా అభిప్రాయం.

ఈ ఏడాది మా తోటి ఇంటర్ మిత్రుడొకడు వ్యాసరచన పోటీ కోసం గుర్రం జాషువా గారి 'గబ్బిలం' మీద ఐదు పేజీల వ్యాసం రాశాడు. ముందుగా దాన్ని చదివిన సీనియర్ అన్న ఒకరు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఒత్తులు, దీర్ఘాలు, 'ళ' ఉండవలసిన చోట 'ల'... మొదటి పేజీలోనే ఇరవై మూడు గుర్తులు! రెండో పేజీలో ఒక వాక్యాన్ని మాత్రం అడ్డంగా కొట్టేసి, పక్కన 'అనవసరం' అని రాశారు. ఆ వాక్యం ఇది: "మా నాయనమ్మ ఇప్పటికీ గుడి ముందు రోడ్డు మీద నుంచే దండం పెడుతుంది, లోపల గబ్బిలాలు ఉన్నాయని ఆమెకు వాసనను బట్టే తెలుసు."

మిత్రులారా, ఐదు పేజీల్లోనూ ఎవరి దగ్గరా తీసుకోని వాక్యం అదొక్కటే.

అదే వ్యాసంలో అసలు పట్టుకోవలసిన తప్పులు రెండు అలాగే మిగిలిపోయాయి. 'గబ్బిలం' కాళిదాసు మేఘసందేశానికి అనువాదమని ఒకచోట ఉంది. ఈ కావ్యానికే కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని ఇంకోచోట ఉంది. రెండూ తప్పే. జాషువా గారికి 1964లో ఆ అవార్డు వచ్చింది 'క్రీస్తు చరిత్ర'కు. 1941లో వచ్చిన 'గబ్బిలం' అనువాదం కాదు, సందేశ కావ్యం అనే పాత పద్ధతిని తీసుకుని రాసిన కొత్త కావ్యం. ఇలాంటివి గైడు నుంచో, ఫోన్‌లో కనబడిన పేజీ నుంచో వస్తాయి. ఒత్తు తప్పితే మార్కు పోతుంది, నిజమే. విషయమే తప్పితే వ్యాసం మొత్తం పోతుంది కదా!

ఇక "కరుణరసం ఉప్పొంగినది", "పద్యములు అమృతతుల్యములు" వంటి మాటలు. వీటికి టిక్కులు పడ్డాయి. పేరు మార్చి చూస్తే ఈ మాటలు పోతనకూ సరిపోతాయి, శ్రీనాథుడికీ సరిపోతాయి. అందరికీ సరిపోయే చొక్కా ఎవరి కొలతా కాదు. విశ్లేషణ అంటే ఈ కావ్యానికి మాత్రమే చెల్లే మాట చెప్పడమని మేము అనుకుంటున్నాము.

ఆ మాట ఎలా రాబట్టాలి? మేము నలుగురం ఆ మిత్రుడి పక్కన కూర్చుని పెన్ను ముట్టకుండా అడగడం మొదలుపెట్టాము. కాళిదాసు యక్షుడు శాపం వల్ల ఏడాది పాటు భార్యకు దూరమై మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కథానాయకుడు అంటరానివాడు. అతడి కబురు ఆకలి గురించి, అవమానం గురించి, అది వెళ్లేది శివుడి దగ్గరికి. సరే, మరి మేఘం ఎందుకు కాదు? హంస ఎందుకు కాదు? గబ్బిలమే ఎందుకు? (మధ్యలో బైపీసీ మిత్రుడొకడు గబ్బిలం పక్షి కాదు, క్షీరదమని పది నిమిషాలు వాదించాడు. ఒప్పుకున్నాము, వ్యాసంలో ఆ పదమూ మార్చాము.)

చాలాసేపటికి మిత్రుడే చెప్పాడు. గబ్బిలం ఇంట్లోకి వస్తే అశుభమని చీపురుతో తోలుతారు. గుళ్లో మాత్రం గర్భగుడి కప్పుకే వేలాడినా అడిగేవాడు లేడు. మనిషికి లేని దారి దానికి ఉంది. "అందుకే నాయనమ్మ గురించి రాశాను" అన్నాడు.

అప్పుడు ఆ వాక్యం సంగతి తేలింది. అది అనవసరం కాదు, ఉండవలసిన చోట లేదు అంతే. కవి పుట్టుపూర్వోత్తరాల మధ్య ఇరుక్కుపోయింది. గబ్బిలాన్ని ఎందుకు ఎన్నుకున్నారన్న పేరా పక్కకు తెస్తే కుదిరింది. ఇంటి సంగతి కాబట్టి కొట్టేయమనడం ఎంత పొరపాటో, ఇంటి సంగతి కాబట్టి ఉండి తీరాలనడమూ అంతే. నాయనమ్మ కథ రెండు పేజీలు సాగి ఉంటే మేమే తగ్గించమనేవాళ్లం. జడ్జీల కళ్లలో నీళ్లు తెప్పించడానికి కాదు కదా వ్యాసం రాసేది.

"పోటీలో ప్రైజు రావాలంటే బాగా రాసేవాళ్లు తిరగరాసి ఇవ్వాలి" అనే అన్నలూ ఉన్నారు. వారి ప్రేమను కాదనము. కానీ తిరగరాసే పని రాసినవాడిది. గురజాడ వారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'తో తృప్తి పడక 1909 నాటికి దాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ అచ్చు వేయించారు. ఆ పని ఇంకెవరో చేసి ఉంటే గిరీశం ఏమైపోయేవాడో!

అక్షరదోషాలు దిద్దవద్దని కాదు మేమనేది. తప్పకుండా దిద్దాలి, లేకపోతే మన హాస్టల్ పిల్లలకు భాష రాదనే మాట వినవలసి వస్తుంది. చివర్లో దిద్దండి. ఎలాగూ పోయే వాక్యంలో ఒత్తులు సరిచేయడం దండగ.

ఆ వ్యాసంలో ఒక్క చిక్కు మిగిలి ఉంది. చివరి పేరాలో మిత్రుడు "నేడు ఆ పరిస్థితులన్నీ పూర్తిగా మారిపోయినవి" అని రాశాడు. దానికీ టిక్కు ఉంది! రెండో పేజీలో నాయనమ్మ ఇప్పటికీ రోడ్డు మీదే నిలబడి ఉంది. ఆ వాక్యం కొట్టేస్తే ఈ పేడు ఎవరికీ కనబడదు. రెండింట్లో ఏది ఉంచాలో మేము చెప్పలేదు, అడిగి ఊరుకున్నాము. గడువు ఇంకా పది రోజులుంది. శనివారం ఊరికి వెళ్లి, ఆమె లోపలికి ఎందుకు వెళ్లదో, ఎవరైనా ఆపుతున్నారో, ఆమే ఆగిపోతోందో కనుక్కుని వస్తానన్నాడు. ప్రస్తుతానికి ఆ పేరా చోటు ఖాళీగా వదిలి మిగతాది ఫెయిర్ చేస్తున్నాడు.