మొక్కకు కన్నీరు అవసరమా?

కరుణశ్రీగారి "పుష్పవిలాపం" పాఠం చెప్పిన రోజున తరగతిలో కొంతసేపు నిశ్శబ్దం ఆవరించడం నేను ఎన్నో ఏండ్లుగా చూస్తున్నదే. ఘంటసాల గళంలో ఆ పద్యాలు విన్న వారెవరికైనా, పూవు కోయబోయిన చేయి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఈ మధ్య ఆ పాఠం ముగిసిన తరువాత, వృక్షశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మొక్కకు నిజంగా బాధ ఉంటుందాండీ? దాని లోపల కాల్షియం కదులుతుంది, అంతమాత్రమే అని మాకు చెప్పారు" అన్నది. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సమాధానమూ రాలేదు. రేపు చెబుతానన్న జవాబుకు కొన్ని వారాల చదువు పట్టింది. ఆ చదువు వలన నాకు కలిగిన అభిప్రాయాన్ని పాఠకులకు మనవి చేస్తున్నాను.

తాంబూలంలోని సున్నంలోనూ, మన ఎముకలలోనూ ఉన్న మూలకమే కాల్షియం. మొక్కలో ఇది కణాల గోడలలోనూ, కణం నడుమ నీటితిత్తివలె ఉండే రిక్తికలోనూ సమృద్ధిగా ఉంటుంది. కణద్రవ్యంలో మాత్రం బహు స్వల్పం. బయట ఉన్నదానిలో ఇంచుమించు పదివేలవ వంతు. దీనికి కారణమున్నది. కణద్రవ్యంలో కాల్షియం మితిమీరితే, జీవక్రియలకు ఆధారమైన ఫాస్ఫేటుతో కలిసి గడ్డకట్టుతుంది. అందుచేత కణం అహోరాత్రాలూ శక్తిని వెచ్చించి దానిని వెలుపలికి తోడిపోస్తూనే ఉంటుంది. గట్టు వెనుక నిలిచిన చెరువునీరు ఎట్లాగో, కణపు పొరకు ఆవల కాల్షియం అట్లా నిలిచి ఉంటుంది.

చలి తగిలినా, వేళ్ళకు ఉప్పు సోకినా, పురుగు కొరికినా, ఆ పొరలోని తూములు కొద్దిసేపు తెరుచుకొంటాయి. కాల్షియం లోపలికి దుముకుతుంది. దానికోసమే కాచుకొని ఉన్న కొన్ని మాంసకృత్తులు దానిని అందుకొని, రూపు మార్చుకొని, తమతమ పనులకు పూనుకొంటాయి. వెంటనే తోడిపోత మళ్ళీ సాగుతుంది, తూములు మూతపడుతాయి. లోపలికి రానీయక వెలివేసిన పదార్థమే వార్తాహరుడైనదన్నమాట!

ఆ వార్త అందిన తరువాత జరిగేది అరణ్యరోదనం కాదు, కార్యాచరణం. ఉప్పు సోకినప్పుడు ఒక మాంసకృత్తు కాల్షియాన్ని గ్రహించి రెండవదానిని మేల్కొలుపుతుంది. రెండవది మూడవదానిని ప్రేరేపిస్తుంది. ఆ మూడవది కణంలో చేరిన సోడియాన్ని వెలుపలికి నెట్టుతుంది. నీటి కరవు వచ్చినప్పుడు, పత్రరంధ్రాలకు ఇరుప్రక్కల ఉన్న రక్షకకణాలలో కాల్షియం పెరిగి, ఆ రంధ్రాలు మూసుకొనడానికి తోడ్పడుతుంది. కోనసీమలోనూ, కృష్ణా డెల్టా చివరి భూములలోనూ ఉప్పు తేలిన చేనిని చూసి నిట్టూర్చే రైతుకు, ఆ వరిమొక్క వేరులో జరిగే ఈ పోరాటం పరాయి విషయం కాదు.

కంటికి కనబడని దీనిని శాస్త్రజ్ఞులు చూసిన తీరు కూడా కథవంటిదే. కాల్షియం తగిలితే వెలుగునిచ్చే ఒక మాంసకృత్తును సముద్రపు జెల్లీచేపనుండి వేరుచేసినట్లు 1962లో షిమోమురా ప్రభృతులు ప్రకటించారు. దానిని పొగాకు జాతి మొక్కలో పుట్టించి, తాకినప్పుడూ చలి సోకినప్పుడూ ఆ మొక్క వెలగడం 1991లో ఎడింబరోలో గమనించారు. 2018లో తొయోతా, గిల్రాయ్ మొదలైనవారు ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కపై గొంగళిపురుగును వదిలారు. కొరికిన చోట పుట్టిన వెలుగు క్షణానికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు వేగంతో సాగి, నిమిషం రెండు నిమిషాలలో దూరపు ఆకులను చేరింది. పురుగు చేరని ఆ ఆకులు ముందుగానే రక్షణకు సిద్ధపడ్డాయి. 2022లో మన అత్తిపత్తిలో సైతం ఇట్టి కాల్షియం తరంగమే ఆకుల ముడుచుకొనుటకు ముందు నడుస్తుందని తేలింది. ముడుచుకొనలేని అత్తిపత్తి ఆకులను మిడతలు ఎక్కువగా తిన్నాయట! మనం సిగ్గు అని పేరు పెట్టినది నిజానికి ఆత్మరక్షణ.

అత్తిపత్తి అనగానే జగదీశచంద్ర బోసును స్మరించక తప్పదు. మొక్కలలో విద్యుత్ప్రేరణలు ప్రసరిస్తాయని ఆయన చూపినది సత్యం. అయితే 1926లో వెలువరించిన గ్రంథానికి ఆయన మొక్కల నాడీయంత్రాంగమని పేరు పెట్టారు. ఆ నాడి అనే మాటపైననే నేటికీ వివాదం. మొక్కకు నాడులూ మెదడూ ఉన్నట్లు మాట్లాడడం శాస్త్రానికి మేలు చేయదని 2007లో ముప్పది ఆరుగురు వృక్షశాస్త్రజ్ఞులు బహిరంగంగా ఆక్షేపించారు. వారి ఆక్షేపణ సమంజసమని నా నమ్మకం. వార్త అందుకొనడం వేరు, వేదన పడడం వేరు. మొదటిదానికి నిదర్శనాలున్నవి, రెండవదానికి లేవు.

ఈ మాట విని నా సహాధ్యాపకుడొకరు, "కన్నీరు కూడా లేదంటే చెట్టును నరికేవానికి ఇక అడ్డేమున్నదండీ?" అన్నారు. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని, ఆలోచించండి: మనవలె ఏడ్చినప్పుడే ఎదుటి ప్రాణిపై దయ కలుగుతుందంటే, ఆ దయ దానిపైన కాదు, దానిలో కనబడే మన ముఖంపైన. తన ప్రతిబింబాన్ని చూసి జాలిపడేవాడు, ప్రతిబింబం కనబడని చోట నిర్దయుడు కాగలడు. పారిపోవడానికి కాళ్ళు లేక, పిలవడానికి గొంతు లేక, నిలిచిన చోటనే ఎండనూ చలినీ ఉప్పునూ పురుగునూ ఎదుర్కొనే ప్రాణికి మన కన్నీటిని అరువివ్వనక్కరలేదు. దాని బ్రతుకే దానికి గౌరవహేతువు.

"పుష్పవిలాపం" అసత్యమని నేననడం లేదు. అందులో పలికింది మనిషి అంతరాత్మ. ఆ పాఠాన్ని ఇకముందూ అదే ప్రీతితో చెబుతాను. అయితే ఆ తరువాత కూడా పూలనూ చెట్లనూ ఏడిపించడమే కవిత్వమనుకొంటే, అది అనుకరణే. మొక్కను మొక్కగానే చూసి ఆశ్చర్యపడగల కవి మనకు కావాలి. అట్లాగే ఈ సంగతులను చక్కని తెలుగులో చెప్పగల శాస్త్రజ్ఞులూ కావాలి. ఒకరు మొక్కకు లేనిది అంటగట్టుతున్నారు. మరొకరు ఉన్నదానిని "అంతమాత్రమే" అని తేల్చివేస్తున్నారు.

ఆ అమ్మాయికి చివరకు నేను చెప్పిన జవాబు ఇది: "మొక్కకు బాధ ఉన్నదని నేను చెప్పలేనమ్మా. కాల్షియం కదులుతుందన్న నీ మాట నిజం. దాని చివర ఉన్న 'అంతమాత్రమే' అన్నది తీసివేయి."