కనబడిన దెల్ల కొనవలెనా?

పంక్తిలో వడ్డించువారి చేతిలో నెంత యధికారమున్నదో మన మెఱుగుదుము. పప్పు, కూర మొదట వచ్చినచో భోక్త వానితో కడుపు నింపుకొనును. బూరెలు మొదట వచ్చినచో కూర విస్తరిలోనే మిగిలిపోవును. ఎవరిని నెవరును నిర్బంధింపలేదు. వడ్డన క్రమమే యా పని చేసినది.

ఈ చిన్న సత్యమునే పండితులు శాస్త్రముగ విస్తరించిరి. అమెరికా దేశీయులగు రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ గార్లు 2008లో ‘నడ్జ్’ అను గ్రంథమును ప్రకటించిరి. నడ్జ్ అనగా మోచేతితో మెల్లగ తట్టి హెచ్చరించుట. దేనిని నిషేధింపక, వెల పెంచక, మేలైన వస్తువును కంటి యెదుట నిలుపుటయే దీని మర్మము. థేలర్ గారికి 2017లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

నేడా వడ్డన సెల్‌ఫోను అంగడికి వచ్చినది. తెరపై పండ్లు, కాయగూరలు, చిరుధాన్యములు మొదట నిలుపవచ్చును. ప్రతి పొట్లము ప్రక్కను అందలి పంచదార, ఉప్పుల పాళ్లు చూపవచ్చును. కాని యదే నేర్పుతో తీపి తినుబండారములను సైతము ముందునకు నెట్టవచ్చును గదా!

అరకులోయ వంక చూడుడు. అచ్చటి సంతలో గూడెముల స్త్రీలు చోళ్ళు, సామలు, పసుపు, రాజ్మా గింజలు తెచ్చి యమ్ముదురు. మనము రాగు లనుదానినే విశాఖ మన్యమున చోళ్ళందురు. కొనునామె గింజను చేతబట్టి చూచి బేరమాడును. ఆ లోయలోనే నేడు పిల్లవాని చేతికి ఫోను వచ్చినది. తెరపై మెఱయు నూడుల్సు పొట్లము ముందు, తల్లి కాచిన చోడి అంబలి వానికి నామోషీ యగుచున్నది. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత యిట్లు పుట్టినదే కాబోలు!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి, 100 గ్రాముల చోళ్ళలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము గలదు; పాలిషు పట్టిన బియ్యములో నది 8 మిల్లీగ్రాములకు మించదు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించినది. లోకము గౌరవించిన ధాన్యమునకు, దానిని పండించు నింటనే చోటు లేకపోవుట కంటె విచారకర మేమున్నది?

ప్రభుత్వ మూరకుండలేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 విధములగు మోసపు పద్ధతులను నిషేధించినది. కొనువారి యనుమతి లేకయే బుట్టలో అదనపు సరకు చేర్చుట వానిలో నొకటి. ఐనను, దేనిని ముందు చూపవలెనను నిర్ణయము అంగడివానిదే.

కావున మేము చెప్పున దేమన: అంగడి తెఱువక పూర్వమే కావలసిన సరకుల పట్టీ వ్రాసికొనుడు. చోళ్ళు, పప్పులు, కూరగాయలు గల ఆ పట్టీని ఫోనులోనే భద్రపఱచినచో, మరుసటి మాసము మొదట కనబడునది మీ యెంపికయే యగును. ఆకలితో నున్నపుడు కొనకుడు. పొట్లము వెనుక చిన్న యక్షరములు చదువుడు. అంగడి పంపు తాఖీదులను ఆపివేయుడు. ఇంటను పండ్లను పిల్లల కంటికెదురుగను, మిఠాయిని పై యరలోను ఉంచుడు.

ఇట్టి తట్టు పేదరికమును తీర్పజాలదు. సంకేతమే యందని గూడెమునకు చేరనే చేరదు. అయినను మైదానమున మన మడిగిన కొలదియు చోళ్ళకు గిరాకి పెరుగును. కొండమీది రైతున కా పంటపై ఆశ నిలుచును. అంగడి ఎవరిదైనను, మన యింటి విస్తరిలో వడ్డించు చేయి మనదే కావలెను.