ప్రాత బండియు ప్రాత యిల్లును

ప్రాతవస్తువు చెడినతోడనే దానిని పారవేయుట నేటి వాడుక. ఇది తగదని నా యభిప్రాయము.

మాకొక అంబాసిడర్ కారు గలదు. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయెను. వేసవిలో దాని యింజను కాగి యావిరి గ్రక్కెడిది. నేను నీరు పోయుచు నడిపితినే కాని లోపమును వెదకనైతిని. తుదకు విప్పి చూడగా రేడియేటరు సందులు దుమ్ముతో పూడియుండెను. నీరున్నను గాలి చొరదయ్యెను. తుడిచినంతనే బండి చక్కబడెను.

ఆనాడే మా యింటి సంగతి నాకు స్ఫురించెను. మాది మట్టిగోడల పెంకుటిల్లు. పిల్లులు దూరుచున్నవని గోడల పైభాగమునందలి గవాక్షములను నేనే మూయించితిని. ఆ వేసవియందు మా తల్లి విసనకఱ్ఱతో రాత్రులు కూర్చుండియే గడపెను. నేనో, చల్లదనపు యంత్రముల వెలలు విచారించుచుంటిని!

గవాక్షములు మరల తెఱపించితిని. వేడిగాలి తేలికయై పైకెగసి వానిగుండ వెడలును. దళసరి గోడ పగటి వేడిమిని ఆలస్యముగా లోనికి విడుచును. కావున పగలు కిటికీలు మూసి రాత్రి తెఱవవలెను. వట్టివేళ్ల తడికెపై నొక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల వేడిని హరించును. పొడిగాలి గల రాయలసీమకిది మేలు; ఉక్కపోసెడు సముద్రతీరమున నంతగా ఫలింపదు. డాబాపై తెల్లసున్నము పూసినచో నెండ చాలవఱకు మరలిపోవును.

రోగులకును వృద్ధులకును యంత్రము కావలసివచ్చినపుడు దానిని నిందింపను. కాని విద్యార్థులారా, క్రొత్తది కొనుటకు ముందు, ప్రాతదానిని నిర్మించినవాడు ఆ రంధ్రమునేల విడిచెనో యోచింపుడు.

మా తల్లి యిప్పుడు సుఖముగా నిద్రించుచున్నది.