సంధులు వచ్చు, వాక్యం రాదు

విద్యార్థుల రాతలో తప్పులు పెరగడానికి వ్యాకరణం చెప్పడం తగ్గడమే కారణమనీ, సంధులూ సమాసాలూ మళ్లీ వల్లె వేయిస్తే భాష చక్కబడుతుందనీ గట్టిగా వినిపించే వాదం పైకి సబబుగానే తోచినా, జవాబు పత్రాల ముందు నిలవదు. 'విద్యాలయం'ను విడదీసి సవర్ణదీర్ఘ సంధి అని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడే పక్క పుటలో 'అక్క తలుపు తీసి గాలి లోపలికి వచ్చింది' అని రాయగలడు.

'తీసి' వంటి రూపాన్ని, అంటే వాక్యాన్ని ముగించకుండా మరో క్రియ కోసం ఎదురుచూసేదాన్ని, క్త్వార్థకం అంటారు. ఆ పనీ తర్వాతి పనీ ఒకే కర్త చేయాలన్నది సాధారణ నియమం కనుక అక్కడ 'తీయగానే' అని ఉండాలి. అయితే 'వాన పడి వాగు పొంగింది' అన్నప్పుడు కర్తలు వేరైనా, రెండూ ఎవరి ప్రయత్నమూ లేకుండా జరిగేవి కావడం వల్ల, మొదటిది రెండోదానికి కారణం కావడం వల్ల తెలుగు చెవి ఒప్పుకుంటుంది. ఈ తేడా సూత్రం కంఠస్థం చేస్తే పట్టుబడదు. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తేనే తెలుస్తుంది.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం, పేరులో బాలలున్నా, కావ్యభాషకు కట్టిన శాస్త్రం. ఆ కావ్యభాషను అనుసరించే గ్రాంథికాన్నే సమర్థించిన పండితులు సైతం దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోయారని గిడుగు రామమూర్తి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'లో వారి రచనల నుంచే ఎత్తి చూపాడు. సూత్రాలన్నీ నోటికి వచ్చినవారే తడబడ్డ చోట బడిపిల్లలకు అదే మందు పోయడం ఏం న్యాయం?

ఇక తెలంగాణ పిల్లవాడు 'వచ్చిండు' అని రాస్తే కొట్టివేసే ఎర్ర సిరా సంగతి. పురుష, వచన, లింగాలలో ఆ క్రియ కర్తతో 'వచ్చాడు' ఎంత పొసగుతుందో ఇదీ అంతే పొసగుతుంది. పాఠ్యపుస్తకాల రూపం ఎక్కడ అవసరమో చెప్పడం ఉపాధ్యాయుడి పనే. ఇంటి మాటను తప్పుల పద్దులో వేయడం మాత్రం వ్యాకరణం కాదు, పెత్తనం.

'పుస్తకాలు బల్ల మీద ఉంది' వంటి వచన దోషాన్ని పైకి చదివిస్తే చాలామంది పిల్లలు తామే దిద్దుకుంటారు. 'అర్థం', 'అర్ధం' మధ్య తేడా చాలామంది ఉచ్చారణలో వినిపించదు కనుక అది చెవికి అందదు; దానికి నిఘంటువు చూసే అలవాటే దారి. తప్పును బట్టి మందు మారాలి కాబట్టి, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు సంధి పేరుకిచ్చే మార్కుల్లో సగమైనా చెడిన వాక్యాన్ని దిద్దడానికి కేటాయించాలి.