ఊరి ఉమ్మడి బయళ్లు: కావలి యెవరిది?



ఊరనగా ఇండ్లును పొలములును మాత్రమే కాదు. పశువుల మేతబీడు, మందబయలు, కళ్లము, తోపు, చెరువు, శ్మశానము, పుంతదారి, ఇవన్నియు కలిసిననే ఊరగును. వీనికి పట్టాదారు లేడు గనుక వీనిని గూర్చి యడుగువాడును లేకపోవుచున్నాడు. ప్రక్కచేనివాడు తన గట్టును జానెడు చెక్కినచో తగవునకు బోవు రైతు, ఊరి కళ్లము ఏటేట కరగిపోవుచున్నను చూచియు చూడనట్లు పోవుచున్నాడు. ఈ బయళ్లను కాపాడు అధికారమును చట్టము పంచాయతీ చేతికిచ్చినది. అయినను రైతులు అడుగనిదే ఆ అధికారము కాగితముపైననే యుండును.

చట్టము చెప్పునదేమో ముందు తెలిసికొందము. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షను ప్రకారము మేతబీళ్లు, కళ్లములు, శ్మశానములు, పశువుల మందబయళ్లు, బండ్లు నిలుచు తావులు, తోపులు అను పోరంబోకులు గ్రామ పంచాయతీకి దఖలుపడినవి. ఒకానొక నిర్దిష్టమైన ప్రజోపయోగమునకు కావలసినచో ప్రభుత్వము గెజెటు ప్రకటన మూలమున వానిని తిరిగి తీసికొనవచ్చును. అట్టి ప్రకటన లేక వానిని తన పొలములో కలుపుకొనుటకు ఎంతటి పెద్దమనిషికిని హక్కు లేదు.

ఆక్రమించి ఏండ్లు గడచిన పిమ్మట అది హక్కగునని పల్లెలలో నొక భ్రమ కలదు. పంజాబులో నొక గ్రామపు చెరువును పూడ్చి ఇండ్లు కట్టుకొన్నవారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2011 జనవరి 28వ తేదీన ఈ భ్రమను తొలగించినది. ఎంతకాలము గడచినను, ఎంత ధనము వెచ్చించి కట్టడములు కట్టినను, ఎంత రాజకీయ పలుకుబడి యున్నను, ఉమ్మడి భూమి ఆక్రమణను మన్నింపరాదని చెప్పి, ఆక్రమణలను తొలగించుటకు ఏర్పాట్లు చేయుడని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. భూమిలేని కూలీలకో, షెడ్యూల్డు కులములు, తెగలవారికో ప్రభుత్వ ప్రకటన ననుసరించి కౌలుకిచ్చిన తావులను, పాఠశాల, వైద్యశాల వంటివి ఇదివరకే యున్న తావులను మాత్రము మినహాయింపదగిన వానిగా చెప్పినది.

"కోతమిషనులు వచ్చిన తరువాత కళ్లముతో పనియేమి?" అని కొందరందురు. పొలముల వెంట తిరుగు ఉద్యోగిగా నేను దీనికి విరుద్ధముగా చెప్పవలసియున్నది. కొడవలితో కోసిన దినములలో పనలు చేనిలోనే యెండెడివి. కుప్పవేసి, తీరిక చూచి నూర్చువేళకు గింజలో తేమ చాలవరకు పోయెడిది. మిషను కోసిన గంటలోనే గింజను రాల్చి పచ్చిదానినే మన ముందర పోయుచున్నది. ధాన్యము కొనుగోలు కేంద్రమున నూటికి 17 పాళ్లకు మించిన తేమను ఒప్పుకొనరు. కాబట్టి కోసిన దినముననే ఆరబోయుటకు తావు కావలెను. అనగా మిషను వచ్చిన పిమ్మట కళ్లము అవసరము తగ్గలేదు, పెరిగినది.

కళ్లము లేని ఊర రైతు ఏమి చేయుచున్నాడు? తారురోడ్డు నెక్కుచున్నాడు. బండ్ల చక్రముల క్రింద గింజ నలుగుచున్నది. కావలికై పెట్టిన రాళ్లు చీకటిలో కానక మోటారు సైకిళ్లవారు పడుచున్నారు. కార్తిక మార్గశిరములలో తుపాను మబ్బు కనబడినంతనే, ఎండబెట్టు తావు లేనివాడు తడిధాన్యమును వర్తకుడు చెప్పిన ధరకే తెగనమ్ముకొనుచున్నాడు. ఊరి కళ్లము పోయినందువలని నష్టమును ఇట్లు ప్రతి రైతును బస్తా బస్తాకు చెల్లించుచునే యున్నాడు.

ఇక సొంత పొలముల సంగతి. గోదావరిపై 1852లోను, కృష్ణపై 1855లోను ఆనకట్టలు పూర్తియైన నాటినుండి డెల్టా పొలములు ఒకదాని నీటి నొకటి పంచుకొనుచు బ్రతుకుచున్నవి. నడుమ నున్న నాలుగెకరములలో ఎర్రమట్టి తోలి మెరకచేసి లేఅవుటు వేసినచో, ఎగువ చేనికి మురుగు పోవు దారియు, దిగువ చేనికి నీరు వచ్చు దారియు మూసికొనును. అమ్మినవాడు ధర పుచ్చుకొని పోవును, మునుగువాడును ఎండువాడును ఇరుగుపొరుగువారు. అమ్మిన రైతును నేను నిందింపను. అప్పో, ఆడపిల్ల పెండ్లియో, వరుసగా పోయిన పంటలో అతని నా పనికి తెచ్చియుండును. అయినను అతని హక్కు తన పొలముపైనే గాని ప్రక్కవాని బోదెపై లేదని చెప్పవలసినది పంచాయతీ. గ్రామ పంచాయతీల లేఅవుటులకై 2002లో వచ్చిన నిబంధనలు నూటికి 10 పాళ్ల నేలను ఖాళీస్థలముగా విడిచి పంచాయతీకి అప్పగింపవలెననినవి. ఆ పదిపాళ్లు పనికిరాని గుంటలోనో, మూలనో చూపబడుట కలదు. దానిని చూడవలసిన కన్నులు మనవే.

బీదలకు ఇండ్లస్థలములు వలదా యని అడుగువారున్నారు. తప్పక కావలెను. కాని బీదవాని ఆవును, రెండు గేదెలును మేయునది యీ బీడులోనే. భూమిగలవాడు తన గట్టుపై మేపుకొనును, గట్టులేనివాడెక్కడ మేపును? ఒక చేత ఇల్లిచ్చి రెండవచేత పాడి తీసికొనుట ఉపకారము కాదు. ఊరికి చేరువను, మెరకగానుండి నీరు నిలువని మెట్టభూమిని ఇండ్లకై చూచుట మేలు.

సంఘసభ్యులు చేయదగిన పనులు ఇవి:

1. ఊరి పోరంబోకులన్నిటి సర్వే నంబర్లను, విస్తీర్ణములను రెవెన్యూ లెక్కలనుండి వ్రాయించి, సంఘ కార్యాలయపు గోడపై అందరును చదువునట్లు పెట్టవలెను.

2. కొలిపించి సరిహద్దు రాళ్లు పాతించి, గట్లపై కానుగ, చింత, తాటి మొక్కలు నాటవలెను.

3. పంచాయతీ తీర్మానము పొంది కళ్లమున సిమెంటు గచ్చు వేయించి, సంఘము తరపున స్వల్ప రుసుముపై సభ్యులందరికిని వరుసక్రమమున ఇవ్వవలెను. భూమి మాత్రము పంచాయతీదిగానే యుండవలెను. వాడుకలోనున్న బయలును ఆక్రమించుటకు ఎవనికిని అంత తేలికగా ధైర్యము చాలదు.

4. లేఅవుటు దరఖాస్తు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగవలెను: పంటబోదె ఎటు పోవును? మురుగు ఎటు పోవును? పదిపాళ్ల ఖాళీస్థలము ఎచ్చట?

వీనికి వేలకొలది రూపాయలుగాని, వకీళ్లుగాని అక్కరలేదు, కళ్లపు గచ్చు ఖర్చు తప్ప. గ్రామసభ ఏటికి రెండుసారులైనను జరుగవలెనని 1994 చట్టమే చెప్పినది. ఆ సభకు పదిమంది రైతులు పోయి, ఊరి కళ్లపు సర్వే నంబరు చెప్పి, అది యిప్పుడెవరి స్వాధీనమున నున్నదని అడిగి, సమాధానమును మినిట్సు పుస్తకమున వ్రాయించినచో చాలును. రానున్న గ్రామసభకు మీ ఊరినుండి ఆ పదిమంది పోవుదురని ఆశించుచున్నాను.